‘తగిన శాస్తి’: ఎవరి తూకం?

2019 డిసెంబర్ 6 తెల్లవారుజామున షాద్‌నగర్ సమీపంలోని చటాన్‌పల్లి వంతెన దగ్గర నలుగురు నిందితులు పోలీసు కాల్పుల్లో మరణించారు. అంతకు ఎనిమిది రోజుల ముందు అదే వంతెన కింద ఒక యువ పశువైద్యురాలి మృతదేహం కాలిపోయిన స్థితిలో దొరికింది. ఆమెపై అత్యాచారం చేసి చంపారన్నదే ఆ నలుగురి మీద ఉన్న ఆరోపణ. కాల్పుల వార్త తెలిసిన కొద్ది గంటల్లోనే జనం అక్కడికి చేరుకున్నారు. పోలీసుల మీద పూలు చల్లారు, వారిని భుజాలకెత్తుకున్నారు, మిఠాయిలు పంచారు, కొందరు మహిళలు రాఖీలు కట్టారు. ఆ రోజు ఎక్కువమంది నోట వినిపించిన మాట ‘తగిన శాస్తి జరిగింది’ అన్నది. శాస్తి అంటే శిక్ష. ‘తగిన’ అన్నది మాత్రం తూకం వేసి చూసిన తరువాతే చేర్చవలసిన విశేషణం. ఆ తూకం ఎవరు వేశారు, ఏ రాళ్లతో వేశారు అన్న ప్రశ్న ఆనాడు అడిగినవారు తక్కువ. అడిగినవారికి ‘మీ ఇంటి ఆడపిల్లకు జరిగితే తెలుస్తుంది’ అన్న జవాబే వచ్చింది.

పూలు చల్లిన జనాన్ని మూర్ఖులని తీసిపారేయడం తేలిక. అది అన్యాయం కూడా. 2012 డిసెంబర్‌లో ఢిల్లీ బస్సులో జరిగిన ఘోరానికి మరణశిక్ష పడిన దోషులు ఏడేళ్లు గడిచినా అప్పటికి జైల్లోనే ఉన్నారు. వారిని ఉరితీసింది 2020 మార్చి 20న. శంషాబాద్‌లో మాయమైన ఆ పశువైద్యురాలి ఉదంతంలోనైతే, కూతురు కనిపించడం లేదని ఆ రాత్రి పోలీసుల దగ్గరకు వెళ్లిన కుటుంబానికి ‘ఇది మా స్టేషన్ పరిధి కాదు’ అన్న మాట ఎదురైందన్న ఆరోపణ మీద ఒక ఎస్సైని, ఇద్దరు హెడ్ కానిస్టేబుళ్లను సస్పెండ్ చేశారు. న్యాయం జరగదన్న నిరాశ జనానికి గాలిలోంచి ఊడిపడలేదు. కాబట్టి ఆ కోపం నైతికమైనదా కాదా అన్నది ఇక్కడ చర్చ కాదు. కోపం నైతికమైనదే. నేరం ఎవరు చేశారు, శిక్ష ఎంత పడాలి అనే రెండు వేర్వేరు ప్రశ్నలకు కోపమే జవాబు చెప్పగలదా అన్నది చర్చ.

చట్టాన్ని చేతిలోకి తీసుకునేవారి మీద కలిగే మెప్పూ, మనసుకు నచ్చిన నేరస్థుడి మీద కలిగే జాలీ పైకి వేరువేరుగా కనిపిస్తాయి కానీ రెండింటికీ వేరు ఒకటే. రెండు చోట్లా మనం ముందుగా ఒక మనిషి పక్షాన నిలబడతాం, ఆ తరువాత వాస్తవాలను ఆ పక్షానికి సరిపడేలా అమర్చుకుంటాం. ‘తా వలచింది రంభ’ అన్న సామెత ప్రేమ గురించి పుట్టినా, నేరవిచారణకు కూడా బాగా వర్తిస్తుంది. వలచిన నేరస్థుడికి కారణాలు కనిపిస్తాయి. వలవని నిందితుడికి నేరం తప్ప మరేమీ కనిపించదు. చటాన్‌పల్లిలో నలుగురి మీద లేని జాలీ, మరొకచోట ఒక హంతకుడి మీద పొంగిపొర్లిన జాలీ పరస్పర విరుద్ధాలు కావు. ఒకే తక్కెడకు రెండు సిబ్బెలు.

ఈ అలవాటు ఎలా ఏర్పడుతుందో తెలుసుకోవడానికి తెలుగు సినిమా కథనాన్ని గమనిస్తే చాలు. ఫలానా సినిమా అని పేరు పెట్టనక్కరలేదు, ఎన్నో చిత్రాల అల్లిక ఇదే. కథానాయకుడు మొదటి సగంలో ఎవరినో నరుకుతాడు లేదా తన గతాన్ని దాచి ఎక్కడో ఒదిగి బతుకుతుంటాడు. విశ్రాంతి తరువాత ఫ్లాష్‌బ్యాక్ వస్తుంది. అతని చెల్లెలికో, తండ్రికో, ఊరికో జరిగిన అన్యాయాన్ని ప్రేక్షకుడు కళ్లారా చూస్తాడు. ఆ తరువాత వేటకొడవలి ఎన్నిసార్లు లేచినా ఈలలే పడతాయి. నిజానికి ఆ ఫ్లాష్‌బ్యాక్ ఒక సాక్ష్యవిచారణ. క్రాస్ ఎగ్జామినేషన్ లేని సాక్ష్యం, అబద్ధమాడే అవకాశమే లేని సాక్షి, ప్రతివాది తరఫున న్యాయవాది లేని కోర్టు. కెమెరా చూపించింది నిజంగా జరిగిందేనని మనకు ముందే హామీ ఉంటుంది. నేరం ఎవరు చేశారన్న సందేహం కథలో లేదు కాబట్టి శిక్ష వేయడం ఒక్కటే మిగిలిన పని.

జీవితంలో ఆ హామీ ఎవరికీ లేదు. పోలీసుకు లేదు, గుంపుకు లేదు, బాధితుల బంధువులకు కూడా చాలాసార్లు లేదు. ఉన్నవి వాంగ్మూలాలు, సీసీటీవీ దృశ్యాలు, ఫోన్ టవర్ వివరాలు, ఫోరెన్సిక్ నివేదికలు. వీటిలో ఏది ఎంత నమ్మదగినదో తేల్చడానికే విచారణ ఉంది. వేటకొడవలి కథలలో కనిపించని మరో సంగతీ ఉంది. కథానాయకుడి చేతిలో సుమోలలోంచి దిగినవారు దిగినట్లే చచ్చిపోయే ప్రతినాయకుడి అనుచరులకు పేర్లుండవు. వారికీ ఇంటి దగ్గర ఎదురుచూసే తల్లి ఉందని, ఆమెకూ ఒక ఫ్లాష్‌బ్యాక్ ఇవ్వవచ్చని ఎవరికీ తోచదు. కథ ఎవరి ముఖాన్ని దగ్గరగా చూపిస్తుందో జాలి అటు పోతుంది. సినిమాను నిందించడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. వినోదానికి ఆ వెసులుబాటు ఉండవలసిందే. కథ చూస్తున్నప్పుడు వచ్చే నిశ్చయాన్ని టీవీలో వార్త చూస్తున్నప్పుడు కూడా వెంట తెచ్చుకోవడమే చిక్కు.

ఈ సంగతి మన దేశంలో అన్నిటికన్నా స్పష్టంగా బయటపడిన కేసు బొంబాయిలో జరిగింది. 1959 ఏప్రిల్ 27న నౌకాదళ అధికారి కమాండర్ కె.ఎం. నానావతికి, తాను కార్ల వ్యాపారి ప్రేమ్ ఆహుజాతో సంబంధం పెట్టుకున్నానని భార్య చెప్పింది. ఆయన భార్యనూ పిల్లలనూ సినిమా హాలు దగ్గర దింపి, తన ఓడకు వెళ్లి, వేరే కారణం చెప్పి రివాల్వరు, ఆరు తూటాలు తీసుకున్నాడు. ఆహుజా కార్యాలయానికి వెళ్లాడు, అక్కడ లేడని తెలిసి అతని ఫ్లాటుకు వెళ్లి, పడకగదిలో కాల్చి చంపాడు. తరువాత పోలీసులకు లొంగిపోయాడు. పెనుగులాటలో పొరపాటున రివాల్వరు పేలిందన్నది ఆయన తరఫు వాదన. అప్పుడే స్నానం చేసి వచ్చిన ఆహుజా నడుముకు చుట్టుకున్న తువ్వాలు పెనుగులాట జరిగిందంటున్నా ఊడిపోలేదేమని ప్రాసిక్యూషన్ అడిగింది. ఆ తువ్వాలు దేశమంతటా చర్చనీయాంశమైంది.

జ్యూరీ, అంటే విచారణ విని తీర్పు చెప్పే సామాన్య పౌరుల బృందం, 8-1 ఆధిక్యంతో ఆయన నిర్దోషి అని చెప్పింది. కారణం సాక్ష్యాలలో వెతికితే దొరకదు. తెల్లని నౌకాదళ దుస్తులు, ఛాతీపై పతకాలు, మోసపోయిన భర్త, పక్కనే పశ్చాత్తాపంతో నిలబడ్డ భార్య. ఇంత పొందికైన కథ ఏ రచయితకూ సులభంగా దొరకదు. బ్లిట్జ్ వారపత్రిక ఆయనను వెనకేసుకొచ్చింది. పావలా పత్రిక రెండు రూపాయలకు అమ్ముడుపోయిన సందర్భాలున్నాయి. ఆహుజాకు మాత్రం ఏకపత్నీవ్రతుడి కాపురం కూల్చిన విలాసపురుషుడి పాత్ర మిగిలింది. చనిపోయినవాడు తన కథ చెప్పుకోలేడు కదా. అతని పక్షాన మాట్లాడటానికి మిగిలింది అతని సోదరి.

జ్యూరీ నిర్ణయం వివేకమున్న మనుషులెవరూ ఇవ్వదగినది కాదని భావించిన సెషన్స్ జడ్జి కేసును హైకోర్టుకు నివేదించాడు. హైకోర్టు 1960 మార్చిలో హత్యానేరం రుజువైందని యావజ్జీవ శిక్ష వేసింది. 1961 నవంబర్‌లో సుప్రీంకోర్టు ఆ శిక్షను ఖాయం చేసింది. ఆ తీర్పు రాసినవారు రాజమండ్రిలో పుట్టి, ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసి, తరువాత భారత ప్రధాన న్యాయమూర్తి అయిన జస్టిస్ కోకా సుబ్బారావు. భావోద్వేగాల వరదలో కొట్టుకుపోయిన కేసును ఆయన ఒక చిన్న ప్రశ్న దగ్గరికి తీసుకువచ్చారు: మధ్యలో ఎంత సమయం గడిచింది? భార్య మాట విన్న క్షణానికీ తూటా పేలిన క్షణానికీ మధ్య సుమారు మూడు గంటలున్నాయి. ఆ వ్యవధిలో నానావతి పిల్లల గురించి ఆలోచించాడు, ఓడకు వెళ్లాడు, ఆయుధం సంపాదించాడు. ‘తీవ్రమైన, ఆకస్మికమైన రెచ్చగొట్టుడు’ అని చట్టం ఇచ్చే మినహాయింపు ఆ మూడు గంటలకు సరిపోదని తీర్పు తేల్చింది.

ఆ మినహాయింపును కాస్త నిదానంగా చూడాలి. చట్టం గుండె లేనిది కాదని ఇది చూపిస్తుంది. రెచ్చగొట్టబడి, నిగ్రహం కోల్పోయి, ఆ ఊపులో చంపినవాడిని పథకం వేసి చంపినవాడితో సమానంగా చూడకూడదని పాత శిక్షాస్మృతిలోని 300వ సెక్షనూ చెప్పింది, ఇప్పటి భారతీయ న్యాయ సంహితలోని 101వ సెక్షనూ చెబుతోంది. ప్రాణరక్షణ కోసం ఎదురుదాడి చేసే హక్కు వేరే ఉంది. శిక్ష పరిమాణం నిర్ణయించేటప్పుడు నేరస్థుడి వయసు, గతం, పరిస్థితులు చూసే వీలుంది. ఆపైన రాష్ట్రపతి, గవర్నర్ల క్షమాభిక్ష ఉంది. అంటే జాలికి చట్టంలో ఒకటి కాదు, నాలుగు తలుపులున్నాయి. అవన్నీ వాస్తవం తేలిన తరువాత తెరుచుకునే తలుపులు. బొంబాయి జ్యూరీ చేసిన తప్పు జాలిపడటం కాదు; జాలిని తీసుకెళ్లి ‘చంపాడా, లేదా’ అన్న ప్రశ్నకు జవాబుగా వాడటం.

అదే తీర్పులో ఇబ్బందిపెట్టే మాట కూడా ఒకటుంది. రెచ్చగొట్టుడుకు కొలత ఏమిటంటే, నిందితుడి సమాజవర్గానికే చెందిన వివేకవంతుడైన మనిషి అదే పరిస్థితిలో నిగ్రహం కోల్పోయేవాడా అన్నది. సమాజవర్గం అన్న మాట రాగానే తూకంలోకి తెలియకుండా మరో రాయి చేరుతుంది. నౌకాదళ కమాండర్ ఆవేదనను ఊహించుకోగలిగిన పత్రికలు, పెద్దమనుషులు, అదే పని ఒక రేవుకూలీ చేసి ఉంటే అంత బాధపడేవారా? నానావతికి 1964లో గవర్నర్ విజయలక్ష్మీ పండిట్ క్షమాభిక్ష ఇచ్చారు. ఆయన కుటుంబంతో కెనడా వెళ్లిపోయి అక్కడే ప్రశాంతంగా జీవించాడు. పార్సీ వర్గానికి చెందిన నానావతికి క్షమాభిక్ష ఇచ్చినప్పుడే ఒక సింధీ వ్యాపారికి కూడా వేరే కేసులో క్షమాభిక్ష దక్కింది. హతుడు సింధీ కాబట్టి ఆ వర్గాన్ని చల్లబరచడానికే అలా జతకట్టారన్న అభిప్రాయం గట్టిగా ఉంది. (ఈ కేసుతోనే దేశంలో జ్యూరీ విధానం అంతమైందని తరచు చెబుతుంటారు. అది కొంత అతిశయోక్తి. ఆ విధానం అప్పటికే సన్నగిల్లుతోంది, పూర్తిగా పోయింది 1973 నాటి నేర విచారణ స్మృతితో.)

నచ్చిన నేరస్థుడన్న భావన పత్రికలు పుట్టకముందు నుంచే ఉంది. పదిహేడో శతాబ్దం చివర తెలంగాణలో కల్లుగీత కులంలో పుట్టిన సర్వాయి పాపన్న మొఘల్ అధికారాన్ని ఎదిరించి కోటలు కట్టాడు, బాటల మీద వర్తకులను దోచాడు, 1708లో వరంగల్‌ను కొల్లగొట్టాడు, 1710లో పట్టుబడి హతుడయ్యాడు. కథాగానాలలో ఆయన పేదల పక్షాన నిలిచిన వీరుడు; తెలంగాణ ప్రభుత్వం నేడు ఆయన జయంతి జరుపుతోంది. పారశీక భాషలో రాసిన చరిత్రకారుల రాతలలో ఆయన దోపిడీదారుడు, సంపన్నుల స్త్రీలను, పిల్లలను ఎత్తుకుపోయినవాడు. రెండూ పక్షపాత సాక్ష్యాలే. దర్బారు చరిత్రకారుడికి కల్లుగీత కార్మికుడు రాజు కావడమే పెద్ద నేరం, పాట కట్టినవాడికి అదే పెద్ద ఘనత. రెంటి మధ్య నలిగినవారి జాడ ఒక్కచోట కనిపిస్తుంది. హైదరాబాద్ వచ్చిన చక్రవర్తి బహదూర్ షా పాపన్న సమర్పించిన కానుకలు అందుకుని అతనికి ఖిల్లత్తు (గౌరవ వస్త్రం) ఇచ్చి గౌరవించాడు. అప్పుడు వరంగల్‌లో చెరపట్టబడిన ఆడవాళ్ల తరఫువారు చక్రవర్తి దగ్గరకు వచ్చి మొరపెట్టుకున్నారు. ఆ మొర వల్లనే మళ్లీ సైన్యం కదిలింది. పాపన్న తిరుగుబాటుకు ఉన్న చారిత్రక విలువ దీనితో తరిగిపోదు, కులవ్యవస్థ అడుగున ఉన్నవారికి ఆయన ఇచ్చిన ధైర్యం నిజమైనది. అయితే పాటలో చోటు దొరకని ఆ స్త్రీలూ నిజమే.

చంబల్ లోయ కథ ఇంకా కష్టమైనది, ఎందుకంటే అక్కడ జాలి చూపకపోవడమే అమానుషమనిపిస్తుంది. ఫూలన్ దేవి బాల్యవివాహం, కులపెత్తనం భరించింది, బందిపోటు అయింది, సామూహిక అత్యాచారానికి గురైంది. 1981 ఫిబ్రవరి 14న ఆమె ముఠా ఉత్తరప్రదేశ్‌లోని బెహ్మయి గ్రామంలో మగవారిని వరుసగా నిలబెట్టి కాల్చింది; 20 మంది చనిపోయారు. ఆమె వెతుకుతూ వెళ్లిన శ్రీరామ్, లాలారామ్ అనే సోదరులు ఆ రోజు ఊళ్లో దొరకలేదు. తాను స్వయంగా కాల్చలేదని ఆమె చివరిదాకా చెప్పింది. 1983లో మధ్యప్రదేశ్‌లోని భిండ్‌లో వేలాది జనం ఎదుట లొంగిపోయింది, విచారణ లేకుండానే పదకొండేళ్లు జైల్లో గడిపింది, 1996లో మీర్జాపూర్ నుంచి లోక్‌సభకు ఎన్నికైంది, 2001 జూలై 25న ఢిల్లీలో తన ఇంటి ముందే హత్యకు గురైంది. ఆమెను చంపిన నేరానికి శిక్ష పడిన వ్యక్తి బెహ్మయికి ప్రతీకారం తీర్చుకున్నానన్నాడు. అతనికీ అభిమానులున్నారు.

ఫూలన్ మీద జాలి పుట్టడంలో తప్పేమీ లేదు. ఆమెకు అన్యాయం చేసినవారిని ఏ పోలీసు స్టేషనూ పట్టించుకోలేదు కాబట్టే ఆమె చేతికి తుపాకి వచ్చింది. కానీ బెహ్మయిలో నేలకూలినవారు దొరకని ఇద్దరికి బదులుగా దొరికినవారు, ఎక్కువగా వారి కులం వారు. ప్రతీకారం వెతికేది ఒకరిని, తగిలేది ఇంకొకరికి. భారతంలో అశ్వత్థామ వేదనలోనూ న్యాయం ఉంది. ఆయన తండ్రి అబద్ధం విని ఆయుధం వదిలిన తరువాత చంపబడ్డాడు. అయినా ఆ రాత్రి ఆయన కత్తికి బలైనవారిలో ఆ అబద్ధంతో ఏ సంబంధమూ లేకుండా నిద్రిస్తున్న పిల్లలున్నారు. బెహ్మయి కేసులో తీర్పు వచ్చింది 2024 ఫిబ్రవరిలో. నలభై మూడేళ్ల తరువాత ఒకరికి యావజ్జీవ శిక్ష పడింది, ఒకరు నిర్దోషిగా బయటపడ్డారు. మిగిలిన నిందితులలో చాలామంది అప్పటికే చనిపోయారు. ఫూలన్ కథకు సినిమా వచ్చింది, ఎన్నికలు వచ్చాయి, విగ్రహాల చర్చ వచ్చింది. ఆ ఊరి వితంతువులకు వచ్చింది వాయిదాలు.

చట్టాన్ని చేతిలోకి తీసుకోవడాన్ని సమర్థించేవారి దగ్గర అన్నిటికన్నా బలమైన ఉదాహరణ నాగపూర్‌ది. కస్తూర్బానగర్ మురికివాడను అక్కు యాదవ్ అనే రౌడీ ఏళ్ల తరబడి పీడించాడు. అత్యాచారాలు, హత్యలు, దోపిడీలు చేస్తున్నాడని అక్కడి స్త్రీలు ఎన్నిసార్లు మొరపెట్టుకున్నా పోలీసులు అతని పక్షమే వహించారని బస్తీవాసులు చెప్పారు. 2004 ఆగస్టు 13న అతన్ని కోర్టుకు తెచ్చినప్పుడు, బెయిలు మీద మళ్లీ వస్తాడని భయపడిన బస్తీ స్త్రీలు దాదాపు రెండు వందల మంది కోర్టు గదిలోనే అతని మీద పడి, కళ్లలో కారం కొట్టి, కత్తులతో పొడిచి చంపారు. కొందరిని అరెస్టు చేస్తే, అందరినీ అరెస్టు చేయండని మిగిలినవారు ముందుకొచ్చారు. పదేళ్ల తరువాత సాక్ష్యాధారాలు చాలవని కోర్టు నిందితులను విడిచిపెట్టింది.

ఈ ఉదంతం ముందు చట్టబద్ధ పాలన గురించి ఉపన్యాసం ఇవ్వడానికి ఎవరికైనా నోరు రాదు. ఆ స్త్రీలు నిశ్చయానికి వచ్చింది పుకారుతో కాదు, వారి శరీరాల మీద జరిగిన అనుభవంతో. రక్షించవలసిన వ్యవస్థ రక్షించలేదు. ప్రమాదం ముందున్నది, గడిచిపోయినది కాదు. ఆత్మరక్షణ హక్కుకు అక్షరాలా అతకకపోయినా దాని ఆత్మకు ఈ చర్య చాలా దగ్గరగా ఉంది. కాబట్టి ఇలాంటి చోట వారిని నిందించకుండా ఉండటం న్యాయమే. కానీ నిందించకపోవడం వేరు, ఆదర్శంగా నిలబెట్టడం వేరు. ఆదర్శంగా నిలబెట్టిన మరుక్షణం నాగపూర్ స్త్రీల అనుభవం లేనివారు, వారి నిశ్చయాన్ని మాత్రం అరువు తెచ్చుకుంటారు.

2018 మే నెలలో జరిగింది అదే. పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వాట్సాప్ వీడియోలు తెలుగు జిల్లాల్లో ఊరూరా పాకాయి. హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో భిక్షాటనకు వచ్చిన ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను గుంపు కొట్టి చంపింది. ఆ గుంపులో ఎవరూ తాము హత్య చేస్తున్నామనుకోలేదు, పిల్లలను కాపాడుతున్నామనుకున్నారు. చేతబడి చేస్తున్నాడన్న అనుమానంతో వృద్ధుల పళ్లు ఊడగొట్టే ఊళ్లలోనూ ఇదే ధర్మావేశం. ‘నిప్పు లేనిదే పొగ రాదు’ అన్న వాదన ఇలాంటి చోట్ల తిరుగులేని సాక్ష్యమవుతుంది. నాగపూర్ స్త్రీల గుండెల్లోని నిశ్చయానికీ చాంద్రాయణగుట్ట గుంపు నిశ్చయానికీ లోపలినుంచి చూస్తే ఏ తేడా కనిపించదు. బయటినుంచి పరీక్షిస్తేనే తేడా తెలుస్తుంది, ఆ పరీక్షకే విచారణ అని పేరు.

మళ్లీ చటాన్‌పల్లికి వస్తే, ఆ ఉదంతానికి నాగపూర్ వాదన కూడా వర్తించదు. వ్యవస్థ చేతులెత్తేసింది కాబట్టి మేము చేతులు కలపవలసి వచ్చిందని బస్తీ స్త్రీలు అనగలరు. చటాన్‌పల్లిలో కాల్పులు జరిపింది వ్యవస్థే. నిందితులు దాని అదుపులోనే ఉన్నారు, పారిపోయే ప్రమాదం లేదు, సాక్ష్యాలు సేకరిస్తున్నది కూడా అదే. తన చేతిలో ఉన్న కేసును కోర్టులో నిలబెట్టుకోగలనన్న నమ్మకం పోలీసు వ్యవస్థకే లేదని జనం అనుకోవడం, అలా అనుకుంటూనే ఆ వ్యవస్థ మీద పూలు చల్లడం విచిత్రం. 2008 డిసెంబర్‌లో వరంగల్‌లో ఇంజినీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ పోసిన కేసులో ముగ్గురు నిందితులు ఎన్‌కౌంటర్‌లో చనిపోయినప్పుడూ పూలదండలు పడ్డాయి. అప్పుడు వరంగల్ ఎస్పీగా, 2019లో సైబరాబాద్ కమిషనర్‌గా ఉన్నది ఒకే అధికారి.

కాల్పుల మర్నాడు జోధ్‌పూర్‌లో మాట్లాడుతూ అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఎస్.ఎ. బోబ్డే న్యాయం తక్షణమే జరిగేది కాదని, పగగా మారితే అది తన స్వభావాన్ని కోల్పోతుందని అన్నారు. డిసెంబర్ 12న సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి వి.ఎస్. సిర్పూర్కర్ నాయకత్వంలో ముగ్గురు సభ్యుల కమిషన్ ఏర్పడింది. నిందితులు తుపాకులు లాక్కుని, రాళ్లు రువ్వితే ఆత్మరక్షణ కోసం కాల్చామన్న పోలీసుల కథనాన్ని కమిషన్ నమ్మలేదు. చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని, పది మంది పోలీసులను హత్యానేరం కింద విచారించాలని సిఫారసు చేసింది. నలుగురిలో ముగ్గురు ఆ నాటికి మైనర్లని కూడా తేల్చింది. 2022 మేలో సుప్రీంకోర్టు ఈ నివేదికను బయటపెట్టి, తదుపరి చర్యల విషయాన్ని తెలంగాణ హైకోర్టుకు అప్పగించింది. అప్పటికి పూలు వాడిపోయి రెండున్నరేళ్లు. నివేదికలోని వయసుల సంగతి చదివి ఉలిక్కిపడినవారు కూడా ఎక్కువమంది లేరు.

వయసుల సంగతిని సాంకేతిక విషయమని కొట్టేయడానికి వీల్లేదు. బాలనేరస్థుల చట్టం కింద వారి విచారణ ఎక్కడ జరగాలి, ఎంత శిక్ష పడవచ్చు అన్నవి పూర్తిగా మారిపోయేవి. ఆ ఫలితం బాధిత కుటుంబానికి మరింత దుఃఖం కలిగించి ఉండవచ్చు కూడా. అయినా స్కూలు రిజిస్టరు తిరగేస్తే తెలిసే సంగతిని తెలుసుకోకుండానే తూకం పూర్తయిందన్నది వాస్తవం. ఎన్‌కౌంటర్ మరణాల మీద తప్పక దర్యాప్తు జరగాలని, ఘటన జరిగిన వెంటనే అధికారులకు పతకాలు, పదోన్నతులు ఇవ్వరాదని సుప్రీంకోర్టు 2014లోనే 16 మార్గదర్శకాలతో చెప్పింది. న్యాయస్థానం పతకాలను ఆపగలదు కానీ పూలను ఆపలేదు.

ఆ పూల కింద కొన్ని ప్రశ్నలు కప్పబడిపోయాయి. ఆ రాత్రి కుటుంబం ఫిర్యాదు తీసుకువెళ్లిన వెంటనే, పరిధి ఎవరిదన్న వాదన లేకుండా, గస్తీ వాహనాలు కదిలి ఉంటే ఏమయ్యేది? టోల్‌ప్లాజా దగ్గర రహదారి పక్కన గంటల తరబడి లారీలు ఆగి ఉంటే అడిగినవారెందుకు లేరు? సస్పెన్షన్లతో ఆగిన ఈ ప్రశ్నలకు నిండు విచారణలో జవాబులు చెప్పవలసి వచ్చేది. డిఫెన్సు న్యాయవాది అడిగేవాడు, పత్రికలు రాసేవి. ఎనిమిది రోజుల్లో కథ ముగియడంతో పోలీసు వైఫల్యం కథ పోలీసు పరాక్రమం కథగా మారింది.

నిందితులు చనిపోతే వారి మీద కేసు అంతటితో ఆగిపోతుంది. అందువల్ల చట్టం రికార్డుల్లో ఆ నలుగురూ నేటికీ నిందితులే. దోషులుగా రుజువు కాలేదు, నిర్దోషులుగానూ తేలలేదు. వారే ఆ నేరం చేశారని నమ్మేవారి నమ్మకం నిజమే కావచ్చు. కానీ ఆ పశువైద్యురాలిని ఎవరు, ఎలా చంపారో సాక్ష్యాలు విని, ప్రతివాదన విని, తేదీ వేసి సంతకం చేసిన తీర్పు ఏ కోర్టు బీరువాలోనూ లేదు. ఇక రాదు.